కైల్ ఫీల్డ్ టెయిల్‌గేట్‌కి నాన్నని తీసుకెళ్తున్నా, కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. వచ్చే శనివారం మా యూనివర్సిటీ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, మా ల్యాబ్‌వాళ్లు టెయిల్‌గేట్‌కి (మ్యాచ్‌కి ముందు స్టేడియం బయట టెంట్లు వేసి వండుకుని తినే విందు) పిలిచారు. ఖమ్మం నుంచి వచ్చిన నాన్న కూడా వస్తానంటున్నారు.

పోయినసారి నేనొక్కడినే వెళ్లా. వాళ్లు తెల్లారకముందే టెంటు వేసి, పొగమీద వండే స్మోకర్‌లో బ్రిస్కెట్ (గొడ్డు ఛాతీ మాంసం) పెట్టేశారు. ఆ పొగ వాసన మర్నాటి దాకా చొక్కాకి అంటుకునే ఉంది. కడుపునిండా పెట్టారు, నేను మాత్రం ఉత్త చేతుల్తో వెళ్లా. అది ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

ఈసారి మిర్చి బజ్జీలు వేద్దామని ఆశ. టెయిల్‌గేట్ దగ్గర నూనె మూకుడు పెట్టుకోనిస్తారా? ఇంట్లో వేసి పట్టుకెళ్తే మెత్తబడిపోతాయి. పులిహోర చేస్తే నయమా?

అసలు బెంగ నాన్న మోకాళ్ల గురించి. 1922 నాటి 'ట్వెల్త్ మ్యాన్' ఆనవాయితీ కదా, అవసరమైతే పన్నెండో ఆటగాడిగా దిగడానికి సిద్ధమన్నట్టు స్టూడెంట్స్ మ్యాచంతా నిలబడే ఉంటారు. లక్ష మందికి పైగా పట్టే స్టేడియంలో పెద్దవాళ్లు కూర్చుని చూడాలంటే ఏ వైపు టికెట్ తీసుకోవాలి? లోపలికి పారదర్శక సంచీయే రానిస్తారు, మరి ఆయన షుగర్ మందులు, ఇన్సులిన్ సంగతేంటి? ముందురోజు మిడ్‌నైట్ యెల్ (అర్ధరాత్రి అందరూ చేరి జట్టు కోసం నినాదాలు చేసే కార్యక్రమం) కూడా చూపించాలని ఉంది, ఆ జనంలో ఇబ్బంది పడతారా?

అమ్మానాన్నల్ని తీసుకెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.