తృతీయాప్రకృతి తర్వాత శ-నా, ష-నా?

కృష్ణలంక: అమరకోశం మనుష్యవర్గంలో “తృతీయాప్రకృతిః” అని మొదలయ్యే పాదం తర్వాత శండమా, షండమా? తాతగారు వల్లె వేయించినదాంట్లో సగమే మిగిలింది. ఆరోగ్య సర్వే ఫారం తెలుగు చేస్తూ, ఆడా మగా కానివారికి మాట వెతుకుతూ ఇక్కడ ఆగాను. పుట్టినప్పుడు ఏమని రాయించారు, ఇప్పుడు ఏమని చెప్పుకుంటారు అని వేర్వేరు ప్రశ్నలు రెండున్నాయి. ఇంగ్లీషు “సెక్స్”, “జెండర్” రెండు చోట్లా “లింగం” అనే పడింది.

పాతసున్న: తాలవ్యం, అంటే శ. కింద ఢ. శణ్ఢః. ఆపైన “క్లీబః పణ్డో నపుంసకే”. సందేహం లేదు.

గట్టుమీద: మా ప్రతిలో మూర్ధన్యం, ష ఉంది మాస్టారూ. రెండూ పాఠాలే. “సందేహం లేదు” మాత్రం ఏ ప్రతిలోనూ లేదు.

ఏఎన్ఎమ్మక్క: ఆ వరుసలో మొదటిది తప్ప ఏది అచ్చేసినా తిట్టే అవుతుంది. 1329 ఫస్లీ (1919) నాటి హైదరాబాదు చట్టం పేరులోనే “యునక్స్” (నపుంసకులు) ఉండేది, 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అలాగని ఒక్క గడితో సరిపెట్టకండి. హిమోగ్లోబిన్ పన్నెండున్నర వస్తే ఆడవాళ్లకు సరే, మగవాళ్లకు రక్తహీనత. మగవాడినని రాయించుకున్న మనిషికి గర్భసంచి ఉంటే, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్షకు పిలవాల్సిన జాబితాలోకి పేరే ఎక్కదు.

కృష్ణలంక: 2011 జనగణనలో “ఇతర”కు 3 అని కోడ్ ఇచ్చారు, పిల్లలతో కలిపి 4,87,803 మంది తేలారు. అదే మాట వాడనా?

గట్టుమీద: “ఇతర” అంటే నాకు వ్యాకరణం రాసిన చిన్నయసూరే గుర్తొస్తాడు. మగవాళ్లను చెప్పే మాట మహత్తు, మహత్తు కానిదంతా అమహత్తు! ఆమె వచ్చింది, గేదె వచ్చింది. అదే బహువచనంలో చూడండి, ఆడవాళ్లు వచ్చారు, మగవాళ్లు వచ్చారు, తేడా లేదు. మన క్రియకు బహువచనంలోనే మర్యాద తెలుసు. “మీరు” అని అడిగితే సగం గొడవ పోతుంది.

పాతసున్న: తెలుగు మాటే కావాలంటే పేడి ఉంది కదా. బృహన్నల.

ఏఎన్ఎమ్మక్క: పేడిమూతి అంటారు, వినలేదా? అదీ తిట్టే.

పాతసున్న: తిక్కన చేతిలో పడితే తిట్టు కాదమ్మా. విరాటపర్వంలో ఆ బృహన్నల వేషంలో ఉన్న అర్జునుణ్ణి చూసే ద్రోణుడు “సింగంబాకటితో” (సింహం ఆకలితో) అని పద్యం ఎత్తుకున్నాడు. చివర “కుంతీసుతమధ్యముండు” అన్నాడు, గమనించారా? కుంతికి ముగ్గురైతే మధ్యముడు భీముడు. అర్జునుణ్ణి మధ్యముడన్నది స్త్రీపురుషుల మధ్యవాడని. ఇది నేను పాతికేళ్లుగా చెబుతున్నాను.

గట్టుమీద: పాతికేళ్లుగా ఎవరూ ఒప్పుకోలేదు కూడా. ఐదుగురిలో నడిమివాడు, అంతే. శ్లేషే ఉంటే తిక్కన దాన్ని మీకొక్కరికే వదిలేసి పోయేవాడా?

పాతసున్న: ముందు పద్యం సరిగా చదవండి, తర్వాత శ్లేష. అందులో మాట “చేట్పాటు” అంటారా, “చేడ్పాటు” అంటారా?

కృష్ణలంక: అయ్యా, రెండో గడికి “జెండర్” అనే ఉంచేస్తే? మొదటిదానికి “పుట్టినప్పుడు నమోదు చేసిన లింగం” అని రాస్తే ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి చదవగలదా? సోమవారం ప్రింటుకు వెళ్తోంది.

ఏఎన్ఎమ్మక్క: చదవదు. “మీరు పుట్టినప్పుడు ఆడా మగా ఏమని రాయించారు?” అని అడుగుతుంది. అలాగే అచ్చేయండి. రెండోదానికి నాకూ మాట దొరకలేదు.

గట్టుమీద: చేట్పాటే. ట్ప. ప్రతి చూసి చెబుతున్నా.