గేటు నుంచి పోర్టికో దాకా గ్రానైట్ కాబుల్ రాళ్లు - సిమెంట్ మీద పరచాలా, డస్ట్ మీదా?

అవిలాల_కొత్తిల్లు:
అన్నా అందరికీ నమస్తే. తిరుపతిలో అవిలాల సైడు ఇల్లు అయిపోవచ్చింది, గేటు నుంచి పోర్టికో దాకా 10 అడుగుల వెడల్పు 28 పొడవు ఇంకా మట్టే ఉండాది. పార్కింగ్ టైల్స్ వద్దనుకున్నాం, మా మామోళ్లింట్లో రెండేళ్లకే టైరు తొక్కే చోటల్లా పగిలినాయి. 4 ఇంచుల గ్రానైట్ కాబుల్ రాళ్లు (చదరంగా కొట్టిన చిన్న రాళ్లు) వేద్దామంటే బేల్దారేమో కింద కాంక్రీటు బెడ్ వేసి మాలు (సిమెంటు, ఇసుక కలిపింది) మీద అతికిస్తేనే నిలబడతాయి అంటాడు, రాళ్లమ్మే ఆయనేమో సిమెంటే వద్దు, డస్ట్ (క్రషర్ రాతి పొడి) పరిచి దిమ్మిస కొడితే చాలంటాడు. ఎవురి మాట వినాలో తెలీక తల తిరగతా ఉండాది. కారు ఒకటే, కానీ సంపు నింపేదానికి ట్యాంకర్ కూడా లోపలికి వస్తాది.

చంద్రగిరి_బుల్లెట్:
నేను చేసిన తప్పు చెప్తా విను. గ్రావెల్ తోలించి నీళ్లు కొట్టి వదిలేసినాం, రోలర్ లేదు ఏం లేదు, దాని మీద రెండించుల మాలు, రాళ్లు, చివర్లో సిమెంట్ పాలు పోసి చీపురుతో తోసేసినాడు. చూడను బ్రహ్మాండంగా ఉండింది, స్టేటస్ కూడా పెట్టుకున్నా. 2021 నవంబర్ వానలు గుర్తుండాయి కదా, రాయలచెరువు కట్ట తెగతాదేమో అని ఊర్లకి ఊర్లు ఖాళీ చేయించినప్పుడు, ఆ వానకి గేటు పక్క సందులోనుంచి నీళ్లు దిగి కింద గ్రావెల్‌ని లాక్కపోయినాయి. పైకి ఏం తెలీలా. తర్వాత సుత్తితో తట్టి చూస్తే డబడబా డొల్ల సౌండు. ట్యాంకర్ ఎక్కిన రోజు నాలుగు వరసలు దిగబడినాయి. తీసి మళ్లీ వేద్దామంటే ఒక్కో రాయికీ సిమెంట్ పట్టుకోని ఉండాది, అది గీకినందుకు కూలి రాయి ధరని మించిపోయింది.

చిత్తూరు_సైట్ఇంజినీర్:
బ్రదర్, మీ బేల్దారిది, రాళ్లాయనది ఇద్దరిదీ తప్పు కాదు, రెండు పద్ధతులూ ఉన్నాయి. కలపకూడదు, అంతే. కింద కదిలే ఇసుక పెట్టి పైన సందుల్లో సిమెంట్ పాలు పోస్తే మన ఎండలకే బీటలిస్తాయి, ఆ బీటలోంచి నీళ్లు దిగుతాయి, పై ఆయన కథే. కాంక్రీటు మీద వేస్తే ఇనుప జాలీ వేసిన గట్టి బెడ్ ఉండాలి, సందులు కూడా మాలుతోనే నింపాలి. నేనైతే ఇంటికి సిమెంట్ లేకుండా ఇసుక మీద పరిచే పద్ధతే చెప్తా, రేపు పైపు పగిలితే రాళ్లు తీసి మళ్లీ పెట్టుకోవచ్చు.

తవ్వకంలో పిసినారితనం వద్దు. 4 ఇంచుల రాయి, ఒకటిన్నర ఇంచు ఇసుక, కింద కనీసం 8 ఇంచుల కంకర మిక్స్, అంటే అడుగు పైనే తవ్వాలి. కంకర ఒకేసారి పోయొద్దు, 4 ఇంచులు పోసి కంపాక్టర్ (దిమ్మిస మిషన్) తిప్పి మళ్లీ 4 ఇంచులు. రాళ్ల కింద ఇసుక పరుపుకి డస్ట్ వద్దు, దాంట్లో పొడి ఎక్కువ, తడిస్తే బురదలా కదులుతుంది, కడిగిన ఎం శాండ్ (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక) అడగండి. రాళ్లు పరిచే ముందే రెండు పక్కలా కర్బ్ రాయి (అంచు రాయి) కాంక్రీటులో బిగించాలి, అది లేకపోతే వరసలు పక్కకి జరిగిపోతాయి. వరసలు టైరు పోయే దిశకి అడ్డంగా రావాలి. వాటం (వాలు) అడుగుకి పావు ఇంచు రోడ్డు వైపు, రోడ్డే ఎత్తయిపోయుంటే (మన వీధుల్లో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తారు కదా) గేటు దగ్గర గ్రేటింగ్ కాలవ పెట్టండి.

ఇంకోటి, 5 వేల లీటర్ల ట్యాంకర్‌లో నీళ్లే 5 టన్నులు. సంపుకి గేటు దాకా పైపు లాగి ట్యాంకర్‌ని బయటే నిలబెట్టండి.

పలమనేరు_రాయి:
రాయి గురించి నేను చెప్తా. చేత్తో చీల్చినవి మందం అర ఇంచు అటూ ఇటూ వస్తాయి, మందంగా ఉండేవి ఒక కుప్ప, సన్నవి ఒక కుప్ప వేరు చేసి పెట్టుకోండి, లేదంటే బేల్దారి ప్రతి రాయికీ ఇసుక తోడి పోసి విసుక్కుంటాడు. మిషన్ కట్ అయితే పైన ఫ్లేమింగ్ చేసింది (మంటతో కాల్చి గరుకు చేసింది) తీసుకోండి, నున్నగా ఉంటే వానకి బండి జారుతుంది. చదరపు అడుగుకి ఏడెనిమిది రాళ్లు పడతాయి, మీ 280 చదరపు అడుగులకి 6 టన్నుల దాకా ఉంటుంది. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిస్తే మాత్రం మాడ వీధిలో గోవిందా అంటా పరిగెత్తినట్టే 😄

అవిలాల_కొత్తిల్లు:
అన్నలూ చాలా థాంక్స్. పొద్దున టేపు పెట్టి చూస్తే గేటు కింద సందు ఒకటిన్నర ఇంచే ఉండాది, తవ్వకుండా ఇప్పుడుండే మట్టి మీదే పరిచింటే గేటు తెరుచుకునేది కూడా కాదు. ఇదంతా బేల్దారికి చదివి వినిపిస్తే, అయితే ఆ ఇంజినీర్నే వచ్చి పరచమను సామీ అన్నాడు.

చిత్తూరు_సైట్ఇంజినీర్:
ఆదివారం వస్తా, టిఫిన్ పెట్టించు. అప్పటిదాకా ఇసుక తోలించొద్దు, ముందు తాడు కట్టి వాటం చూడాలి.