బాత్‌టబ్‌కీ గోడ టైల్స్‌కీ మధ్య సందు, తెల్ల సిమెంట్ నిలవట్లేదు

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
అందరికీ నమస్కారం. మూడో అంతస్తులో పాత ఫ్లాట్ కొన్నాం. ముందున్న ఓనరు ముచ్చటపడి యాక్రిలిక్ బాత్‌టబ్ పెట్టించుకున్నారు. మా పిల్లలకి రోజూ అందులో పుష్కరాలే. టబ్ అంచుకీ గోడ టైల్స్‌కీ మధ్య ఒక మూల అగ్గిపుల్ల పట్టేంత సందు, రెండో మూల చిటికెనవేలి కొస దూరేంత. మేస్త్రి రెండుసార్లు తెల్ల సిమెంట్ పూశాడు. రెండుసార్లూ నెల తిరక్కుండానే పగిలి పెచ్చులూడింది. ఇప్పుడు కింది ఫ్లాట్ సీలింగు మీద దోసెంత మచ్చ. ఆ ఆంటీగారు లిఫ్టులో ఎదురైతే తలెత్తలేకపోతున్నాను. టైల్స్ మొత్తం పీకాల్సిందే అంటున్నాడు మేస్త్రి. నిజమేనా?

అరండల్‌పేట నుంచి:
పీకడం దేనికండీ? తెల్ల సిమెంట్‌లో కాస్త జిగురు కలిపి పూయించండి. మా సింకు దగ్గర అలాగే చేయించాం, ఏళ్ల తరబడి ఉంది.

పటమట, విజయవాడ నుంచి:
సింకు గట్టు కదలదండీ, టబ్ కదులుతుంది. అదే తేడా. 150 లీటర్లు పట్టారంటే 150 కిలోలు, పైన మనిషి బరువు. యాక్రిలిక్ అంచు అంత బరువుకి కాస్త కిందికి దిగుతుంది, నీళ్లు వదిలేస్తే మళ్లీ లేస్తుంది. సిమెంట్‌కి సాగే గుణం లేదు, ఏం కలిపినా పగులుతుంది. అక్కడ వేయాల్సింది బాత్రూములకని అమ్మే, ఆరాక రబ్బరులా సాగే, బూజు పట్టని సిలికాన్.

అమ్మా, అది కొనేముందు రెండు పనులు చేయండి. ఖాళీ టబ్ అంచు మీద చేతులానించి గట్టిగా నొక్కండి. కిర్రుమన్నా ఊగినా కాళ్లు వదులైనట్టే. పక్క పలక తీయించి కాళ్ల బోల్టులు సరిచేయించాలి, లేకపోతే సిలికానూ నిలవదు. ఇక లీకు సందులోంచేనా అన్నది తేల్చుకోండి. ఒకరోజు గోడ తడవకుండా టబ్ నింపి, ఆ నీళ్లన్నీ డ్రెయిన్‌లోకి వదిలేయండి. కింద మచ్చ పెరిగితే తప్పు డ్రెయిన్ పైపుది. పెరక్కపోతే మర్నాడు మగ్గుతో సందు వెంట మాత్రమే నీళ్లు పోసి చూడండి.

బ్రాడీపేట:
బాబాయ్ గారూ, టబ్ ఊగట్లేదు. పైపు తప్పు కాదు. మగ్గు పరీక్ష రోజు మాత్రం ఆంటీగారే పైకొచ్చి తలుపు కొట్టారు! సందే. ఇంక పని చెప్పండి.

పటమట:
పాత సిమెంట్ పొడి కూడా మిగలకుండా బ్లేడుతో గీకించండి. బోరు నీళ్లయితే అంచున తెల్లటి ఉప్పు పొర ఉంటుంది, దాని మీద సిలికాన్ పట్టదు. అదీ పోగొట్టి, స్పిరిట్‌తో తుడిచి, రెండు రోజులు ఆ బాత్రూం వాడకండి. లోపల తడుంటే చేసిందంతా వృథా.

వెడల్పుగా ఉన్న మూలలో, అంటే 6 మిల్లీమీటర్లు దాటిన చోట, ముందు ఫోమ్ తాడు దూర్చాలి. సిలికాన్ అటు టైల్‌నీ ఇటు టబ్‌నీ మాత్రమే పట్టుకోవాలి. అడుగున కూడా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది.

అసలు కిటుకు ఇది, చాలామంది మేస్త్రీలు చేయరు: టబ్ నిండా నీళ్లు పట్టి, అప్పుడు సిలికాన్ వేయాలి. సందు ఎంత పెద్దదవుతుందో అంత పెద్దదై ఉండగా నింపాలన్నమాట. పైనా కిందా మాస్కింగ్ టేపు అంటించి, సిలికాన్ ట్యూబు ముక్కు ఏటవాలుగా కోసి, దాన్ని నొక్కే గన్ ఆపకుండా ఒకే లాగుడులో లాగాలి. సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి దిద్ది, పైన పొర కట్టకముందే టేపు లాగేయాలి. 24 గంటల దాకా టబ్‌లోని నీళ్లు బయటికి వదలొద్దు.

అరండల్‌పేట:
నా సలహా వెనక్కి తీసుకున్నా. ఈ వానాకాలం తేమలో సిలికాన్ ఆరుతుందా?

పటమట:
సిలికాన్ గట్టిపడేదే గాలిలో తేమతోనండీ. ఆ విషయంలో మన ఉక్కపోత మంచిదే! నూడుల్స్ బండి దగ్గర వచ్చే వెనిగర్ వాసన కొట్టిందంటే అది ఆమ్లం రకం. మామూలు టైల్స్‌కి ఫర్వాలేదు. గోడకి పాలరాయి ఉంటే మాత్రం న్యూట్రల్ అని అడిగి తీసుకోండి.

బ్రాడీపేట:
ఆదివారం వేశాం. మొదటి వరస పాము పాకినట్టొచ్చింది, తుడిచేసి మళ్లీ లాగాం. మూడు వారాలైంది, పిల్లలు యథావిధిగా ఈదుతున్నారు, మచ్చ పెరగలేదు. ఆంటీగారి సీలింగుకి పెయింటు మేమే వేయిస్తామన్నాం. ఎప్పుడు వేయించమంటారు?

పటమట:
చెయ్యి పెడితే చల్లగా తగలనంతగా ఆరాక. తొందరపడితే పెయింటు బుడగలు లేస్తుంది, మళ్లీ లిఫ్టు బదులు మెట్లెక్కాల్సొస్తుంది.