వేసవిలో నీళ్లు చాలనప్పుడు: ఆర్‌ఏఎస్ ట్యాంకులా, చెరువు నీటిని తిప్పి వాడుకోవడమా?

(నీటిలెక్క, బయోఫిల్టర్, తూము అనే మారుపేర్లతో ముగ్గురి చర్చ)

నీటిలెక్క:
కైకలూరు, ఆకివీడు వైపు కాలువ కట్టేశాక చెరువుకి కొత్త నీరు దొరకడం కష్టం. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పు నీరే. అందుకే ఆర్‌ఏఎస్ (ట్యాంకుల్లో నీటిని శుద్ధి చేస్తూ మళ్లీ మళ్లీ వాడి చేపలు పెంచే పద్ధతి) మాట ఎక్కువగా వినిపిస్తోంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ప్రకారం పెద్ద ఆర్‌ఏఎస్ అంటే 90 ఘనమీటర్ల ట్యాంకులు 8, పంటకి 40 టన్నులు, యూనిట్ ఖర్చు 50 లక్షలు. ఈ లెక్క మీదే చర్చిద్దాం. కరెంటు ఖర్చు చూస్తే బొచ్చె, శీలావతి లాంటి చేపలకి ఇది గిట్టుబాటు కాదని నా వాదన. కాదనేవాళ్లు అంకెలతో చెప్పండి.

బయోఫిల్టర్:
నీటి వైపు నుంచి చూడండి. 8 ట్యాంకులు కలిపి 720 ఘనమీటర్లు. రోజుకి 5 శాతం మార్చినా 36 ఘనమీటర్లే. 180 రోజుల పంటకి మొదటి నింపుడుతో కలిపి 7,200 ఘనమీటర్లు, అంటే కిలో చేపకి 180 లీటర్లు. హెక్టారు చెరువుకి మీటరున్నర లోతులో 15,000 ఘనమీటర్లు పడుతుంది. రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 300 రోజుల్లో మరో 15,000. అందులో 10 టన్నులు తీస్తే కిలోకి 3,000 లీటర్లు. ఊట నష్టం ఇందులో కలపలేదు. ఇంత తేడా ఉన్నప్పుడు కరెంటు ఖర్చు ఒక్కటే చూపి ఆర్‌ఏఎస్‌ని కొట్టిపారేయడం న్యాయం కాదు.

నీటిలెక్క:
నీరు మిగులుతుంది, ఒప్పుకుంటాను. కానీ 40 టన్నులూ ఒకేసారి ట్యాంకుల్లో ఉన్న రోజుల సంగతి చూద్దాం. 2 శాతం చొప్పున మేత 800 కిలోలు. మేతలో ప్రోటీన్ 32 శాతమైతే ఆ రోజు చేపల విసర్జనతో పుట్టే అమ్మోనియా (చేపలకి విషం) దాదాపు 23.5 కిలోలు (మేత × ప్రోటీన్ × 0.092).

బయోఫిల్టర్‌లో (బాక్టీరియాతో అమ్మోనియాని మార్చే తొట్టి) చదరపు మీటరు మీడియా (బాక్టీరియా అంటుకుని పెరిగే ముక్కలు) రోజుకి అర గ్రాము అమ్మోనియాని మారుస్తుందనుకుంటే 47,000 చదరపు మీటర్లు కావాలి. ఘనమీటరుకి 500 చదరపు మీటర్ల ప్లాస్టిక్ మీడియా అయితే 94 ఘనమీటర్ల మీడియా, దాన్ని తిప్పడానికి దాదాపు 155 ఘనమీటర్ల ట్యాంకు. ఏ కొటేషన్‌లోనైనా ముందు చూడాల్సింది ఈ అంకె. ఇక్కడ తగ్గిస్తే మొదటి రెండు నెలలు బాగానే నడుస్తుంది. మేత పెరిగే మూడో నెలలో కూలుతుంది.

ఆక్సిజన్: చేపలకి 400 కిలోలు, బాక్టీరియాకి ఇంకో 100. ఏరియేషన్‌లో (నీటిలో గాలి కలపడం) యూనిట్ కరెంటుకి కిలో ఆక్సిజన్ కరిగితే రోజుకి 500 యూనిట్లు. గంటకోసారి నీరంతా 3 మీటర్లు ఎత్తే పంపుకి మరో 235. కరెంటు పోతే నీటిలో 6 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) ఉన్న ఆక్సిజన్ పది నిమిషాల్లో 2కి దిగుతుంది. జనరేటర్‌ దానంతటదే స్టార్ట్ కావాలి. అది కూడా మొరాయిస్తే, కరెంటు లేనప్పుడు తెరుచుకునే వాల్వుతో ఆక్సిజన్ సిలిండర్లు సిద్ధంగా ఉండాలి. ఇవి 50 లక్షల్లో ఇముడుతాయా?

బయోఫిల్టర్:
బొచ్చె, శీలావతికి గిట్టుబాటు కాదంటే సరే. కొరమీను వేరు. పైకొచ్చి గాలి మింగే చేప కాబట్టి పది నిమిషాల భయం చేపకి లేదు, ఫిల్టర్‌కి మాత్రం ఉంది. మీడియా ఆగితే బాక్టీరియా దెబ్బతిని, కరెంటు వచ్చాక నైట్రైట్ (అమ్మోనియా మారే దారిలో పుట్టే మరో విషం) ఎగబాకుతుంది. క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల దగ్గర అడ్డుకుంటుంది కనుక ఉప్పు సిద్ధంగా ఉంచాలి. అలాగని కొరమీను మేత చవకేమీ కాదు. ప్రోటీన్ 40 శాతమైతే అమ్మోనియా 29 కిలోలు దాటుతుంది.

చాలా ఆర్‌ఏఎస్ యూనిట్లు దెబ్బతినేది తొందరపాటుతోనే. ఫిల్టర్ పండటానికి, అంటే అందులో బాక్టీరియా కుదురుకోవడానికి, 4 నుంచి 6 వారాలు కావాలి. చేపలు వేయకముందే అమ్మోనియం క్లోరైడ్ వేసి, అమ్మోనియా, తర్వాత నైట్రైట్ రెండూ పడిపోయేదాకా ఆగాలి. క్షారత (పీహెచ్ జారకుండా నిలిపే గుణం) లీటరుకి 100 మిల్లీగ్రాముల కింద పడనివ్వొద్దు. బాక్టీరియా దాన్ని తినేస్తుంది, పీహెచ్ జారుతుంది. 800 కిలోల మేత రోజున వంట సోడా 200 కిలోలు పైగా అవుతుంది. వ్యాధి వస్తే ఫిల్టర్ ఉన్న నీటిలో యాంటీబయోటిక్ కలపొద్దు, ఫిల్టరే పోతుంది.

తూము:
ఇద్దరూ ట్యాంకు లోపలే ఉన్నారు. నాలుగు చెరువులున్న రైతుకి ఇంకో దారి ఉంది: మూడింటిలో చేపలు, నాలుగోది శుద్ధి చెరువు. శుద్ధి చెరువులో నీరు వచ్చే మూల 2 మీటర్లు లోతు చేసి, అడ్డుకట్టలతో వంకర తిప్పాలి. చేపల చెరువుల్లో ఏరియేటర్ లేకుంటే హెక్టారుకి రోజుకి 30–40 కిలోల మేత దాటొద్దు. ఉంటే 100 దాకా చెరువే అరిగిస్తుంది. నీటిని ఉదయం 8 నుంచి 11 లోపు తిప్పండి. మధ్యాహ్నం పాచి వల్ల పీహెచ్ 9కి పోతే 1 పీపీఎం అమ్మోనియాలో 0.4 విషమే. పీహెచ్ 7 దగ్గర అది 0.01 కూడా ఉండదు.

చేపల పట్టుబడి రోజు పైనీటిని పక్క చెరువుకి పంపండి. ఆఖరి 20 శాతంలో బురద ఎక్కువ, దాన్ని శుద్ధి చెరువుకో వరి పొలానికో మళ్లించండి. ఈసీ (నీటి ఉప్పుదనాన్ని చూపే కొలత) మీటరుకి 2 డెసీసీమెన్స్ దాటిన నీరు వరికి ఇవ్వొద్దు. కొల్లేరు అభయారణ్యం పరిధిలో మాత్రం కొత్త గట్టు ఆలోచనే పెట్టుకోవద్దు. 2006లో ఐదో కాంటూర్ (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల్ని ప్రభుత్వం తొలగించిన సంగతి తెలిసిందే.

నీటిలెక్క:
తూము గారూ, ఇక్కడే నా అభ్యంతరం. నీరు ఒకటైతే చేపల ఒంటికి పట్టే పేను (ఆర్గులస్) కూడా ఒకటే అవుతుంది. ఒక చెరువులో ఆర్గులస్ పడితే మూడింటికీ పాకుతుంది.

తూము:
నిజమే. అందుకే శుద్ధి చెరువులో ఒక్క చేప కూడా ఉండకూడదు. పాచి తింటుందని బొచ్చె వేయాలనిపిస్తుంది, వేయొద్దు. పేనుకి చేప దొరకకపోతే ఎక్కువ రోజులు బతకదు. నీరు అక్కడ రెండు వారాలైనా నిలవాలి, కనుక పరిమాణం దానికి తగ్గట్టే వేసుకోవాలి. గుడ్లు గట్టి వస్తువులకి అంటుకుంటాయి. చేపల చెరువుల్లో చెక్క పలకలు దించి, వారానికోసారి తీసి ఎండబెడితే సంఖ్య పడిపోతుంది. పేను కనిపించిన చెరువు నీటిని ఆ పంట అయ్యేదాకా మిగతా రెండింటికీ కలపొద్దు, తూము మూసేయండి.

బయోఫిల్టర్:
దీనికి అభ్యంతరం లేదు. ఆర్‌ఏఎస్ వాళ్లు కూడా జవాబు చెప్పాల్సింది ఒకటుంది: 800 కిలోల మేతకి ఎండు లెక్కన 200 కిలోల మలం. డ్రమ్ ఫిల్టర్ (మలాన్ని వడకట్టే తిరిగే జల్లెడ) నుంచి ఒక శాతం చిక్కదనంతో వస్తే రోజుకి 20 ఘనమీటర్లు. మురుగు కాలువలోకి వదిలితే నీటి ఆదా మాట అబద్ధమే. తేర్చే తొట్టి, ఆరబెట్టే మడి ప్లానులో గీసి ఉన్నాయో లేదో చూశాకే సంతకం చేయండి.