మామయ్యగారి రిపోర్టులో ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని వచ్చింది, మనిషి మాత్రం బాగానే ఉన్నారు. మందు వాడాలా?

గుంటూరు కోడలు:
నమస్తే అండి. మాది బ్రాడీపేట. మా మామయ్యగారు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. 69 ఏళ్ళు. షుగరు లేదు, బీపీ లేదు, రోజూ పొద్దున్నే నడకకి వెళ్తారు. పీఎస్ఏ (ప్రొస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) ఎక్కువొచ్చిందని ప్రొస్టేట్ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) రాశారు. దానికి ముందు మలద్వారం దగ్గర స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీసి కల్చర్‌కి, అంటే బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షకి పంపారు. ‘ఈ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని వచ్చింది. కింద మందుల పట్టీలో సగానికి పైగా ‘ఆర్’, అంటే ఆ మందుకి లొంగదని ఉంది. డాక్టరుగారు చూసి, ఇప్పుడేమీ వాడక్కర్లేదు, బయాప్సీ రోజు ఇచ్చే మందు మారుస్తానన్నారు.

ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. అత్తయ్యగారు ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టారు. మాకు ఎనిమిది నెలల బాబున్నాడు. సాయంత్రాలు వాణ్ణి ఎత్తుకుని వీధి చివరిదాకా తిప్పేది ఆయనే. ఇప్పుడు ఇవ్వబోతే "నాకొద్దులేమ్మా, వాడికేమన్నా అయితే" అంటున్నారు. నాకు ఏడుపొస్తోంది. మా సందులో మెడికల్ షాపతను ఐదు రోజులు కోర్సు వాడితే పోతుందంటున్నాడు. జ్వరం లేదు, విరేచనాలు లేవు, మరి ఆ బ్యాక్టీరియా లోపల ఏం చేస్తున్నట్టు? బాబుకి అంటుతుందా?

ల్యాబ్ మేడమ్, విజయవాడ:
అమ్మా, నేను మైక్రోబయాలజిస్టుని. విజయవాడలో కల్చర్ ప్లేట్లు చూస్తూనే రిటైరయ్యాను. ఆ కోర్సు కొనకండి. కొనేసి ఉంటే వేయకండి.

ఈ.కోలై అనే బ్యాక్టీరియా దాదాపు అందరి పేగుల్లోనూ ఉంటుంది. మీ బాబుకి పుట్టిన కొద్ది రోజులకే చేరి ఉంటుంది. ఈఎస్‌బీఎల్ జబ్బు పేరు కాదు. కొన్ని బ్యాక్టీరియాలు తయారుచేసుకునే ఎంజైములవి. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందుల్ని పనిచేయకుండా విరగ్గొడతాయి. పేగుల్లో ఉన్నంతవరకు దాని దారిన అది ఉంటుంది. మూత్రంలోకో రక్తంలోకో వెళ్తేనే కష్టం, ఎందుకంటే అప్పుడు మామూలుగా వాడే మందులు పట్టవు. బయాప్సీ సూది చాలాసార్లు మలద్వారం గోడలోంచే ప్రొస్టేట్‌లోకి వెళ్తుంది కాబట్టి ముందే స్వాబ్ అడిగారు. మీ డాక్టరుగారు చేసింది చాలా మంచి పని. పట్టీలో ‘ఎస్’ (లొంగుతుంది) అని ఉన్నవాటిలోంచి తగిన మందు ఎంచుతారు. సూదిని మలద్వారం వైపు నుంచి కాకుండా దానికి ముందున్న చర్మంలోంచి పంపే పద్ధతి కూడా ఉంది, అడిగి చూడండి.

ఎక్కడ అంటించుకొచ్చారని ఆయన్ని అడక్కండి. నెదర్లాండ్స్‌లో విదేశాలకి వెళ్ళొచ్చినవాళ్ళని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వెళ్ళేముందు ఇలాంటి బ్యాక్టీరియా లేనివాళ్ళలో, దక్షిణాసియా తిరిగొచ్చాక నూటికి 75 మందిలో కనిపించింది. నాలుగు రోజులు చూసిపోయేవాళ్ళకే అంత చేరితే, ఇక్కడే పుట్టి ఇక్కడి నీళ్ళు తాగే మన సంగతేంటి? ఆ యాత్రికుల్లో అలా చేరినవాళ్ళకి సుమారు సగం మందికి నెలలోపే దానంతటదే పోయింది. కొందరికి ఏడాది దాటినా పోలేదు.

మందు వాడితే ఏమవుతుందంటే, వరి కోసేసి కలుపు వదిలేసినట్టవుతుంది. మందుకి లొంగే మంచివన్నీ చస్తాయి, లొంగనిది మిగిలి ఇంకా పెరుగుతుంది. ఇలా పేగుల్లో మోస్తున్నవాళ్ళకి దాన్ని పోగొట్టడానికని మామూలుగా మందులు వాడొద్దని యూరప్ నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో చెప్పింది.

ఇక కంచం సంగతి. ఇది మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి వెళ్ళేది. దొడ్డికెళ్ళొచ్చాక, బాబు ముడ్డి కడిగాక, అన్నం ముట్టుకునేముందు సబ్బుతో చేతులు రుద్ది కడుక్కుంటే చాలు, అది ఇంట్లో అందరూ చేయాలి. కంచాలు వేరుపెట్టి లాభం లేదు. మీ అందరికీ స్వాబ్ తీస్తే అత్తయ్యగారికీ అదే రావచ్చు. ఆ వయసులో మనిషిని ఇంట్లోనే వేరు చేయడం నేను చూడలేను. బాబుని ఈ సాయంత్రమే ఆయన చేతికివ్వండి.

పటమట మెస్:
మేడమ్, మాది స్టూడెంట్స్ మెస్. వంట చేసే పిన్నిగారికి ఆమధ్య టైఫాయిడ్ వచ్చి తగ్గింది. అదీ ఇంతేనా, వదిలేయొచ్చా?

ల్యాబ్ మేడమ్, విజయవాడ:
వదిలేయకండి, అది వేరే లెక్క. టైఫాయిడ్ తగ్గినా కొద్దిమందిలో ఆ బ్యాక్టీరియా పిత్తాశయంలో, ముఖ్యంగా రాళ్ళుంటే, ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. వాళ్ళకి ఏ బాధా తెలియదు, మలంలో మాత్రం పోతూ ఉంటుంది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషిని 1907లో అలాగే గుర్తించారు. చివరికి ఆవిడ 1938లో క్వారంటైన్‌లోనే చనిపోయింది. ఆ రోజుల్లో మందుల్లేవు, ఇప్పుడున్నాయి. పిన్నిగారికి మలం కల్చర్ చేయించండి, ఒక్కసారి నెగటివ్ వస్తే సరిపోదు, డాక్టరు చెప్పినన్నిసార్లు చేయించాలి. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ రక్తపరీక్షతో ఇది తేలదు. ఫలితం వచ్చేదాకా ఆవిడకి జీతం ఆపకుండా వంట కాకుండా వేరే పని చెప్పండి. దాచిపెట్టే పరిస్థితి తేవద్దు.

పిల్లల వార్డు సిస్టర్, గుంటూరు:
కోడలుగారూ, ఇంకోటి. క్లాస్ట్రిడియం డిఫిసైల్ అని ఇంకో బ్యాక్టీరియా ఉంది. యాంటీబయాటిక్స్ వాడిన పెద్దవాళ్ళలో ప్రాణం మీదకి తెచ్చే విరేచనాలు పుట్టిస్తుంది. దాన్ని 1935లో మొదట కనుక్కున్నది ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మలంలోనే. చాలామంది పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండా మోస్తారు. దాని స్పోర్లు (గట్టి పెంకులాంటి పొర ఉన్న విత్తనాల్లాంటివి) శానిటైజర్‌కి చావవు, అందుకే మేం వార్డులో సబ్బూ నీళ్ళే వాడమని పదేపదే చెప్తాం. డైపర్ మార్చాక కూడా అంతే.

గుంటూరు కోడలు:
అత్తయ్యగారికి మొత్తం చదివి వినిపించాను. కంచం మళ్ళీ అందరివాటితో కలిసింది. మేడమ్, ఈ రిపోర్టు ఇక అవసరం ఉండదా?

ల్యాబ్ మేడమ్, విజయవాడ:
పారేయకండమ్మా. ఫైల్లో పైన పెట్టండి, ఏ హాస్పిటల్‌లో చేరినా ముందు చూపించండి. బయాప్సీ అయ్యాక చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా పొద్దుటిదాకా చూడొద్దు, పారాసెటమాల్ వేసి పడుకోబెట్టొద్దు. రాత్రయినా సరే రిపోర్టు పట్టుకుని ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఏ మందు పనిచేస్తుందో అందులో రాసే ఉంది.