టాంజానియాలో నర్సులకి బొమ్మల మీద ట్రైనింగ్: ప్రాణాలు నిలుస్తున్నాయా, డబ్బులు దండగా?

ట్యూటర్_గుంటూరు:
ఆఫ్రికా దేశాల్లో నర్సింగ్, మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే పని నేర్పే) స్కూళ్లకి బయటి డబ్బుతో సిమ్యులేషన్ ల్యాబ్‌లు, అంటే బొమ్మల మీద ప్రాక్టీస్ చేసే గదులు పెట్టిస్తున్నారు కదా, దానిమీద మా స్టాఫ్ రూమ్‌లో గట్టి వాదనే అయింది. పేషెంట్ దగ్గర నేర్చుకోవాల్సిన పని బొమ్మ దగ్గర ఏం వస్తుంది అని వాళ్లు, బిడ్డ ఏడవకుండా పుట్టాక నేర్పడానికి టైమ్ ఎక్కడుంది, చెయ్యి ముందే అలవాటు పడాలి అని నేను. మీరేమంటారు?

లేబర్‌రూమ్_వరంగల్:
నేను ఒప్పుకోను మేడమ్. బొమ్మ ఇస్తారు, ఫోటో దిగుతారు, వెళ్లిపోతారు. ఒక పార్ట్ పోతే దొరకదు, పాడైతే మాట పడాలని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, నేను చదివిన కాలేజీలో ఇదే చూశా. ఒక్క సిస్టరే ముగ్గురు తల్లుల్ని చూసుకునే చోట బొమ్మ ఏం చేస్తుంది చెప్పండి, ముందు స్టాఫ్‌ని వెయ్యాలి.

దారెస్సలాం_తెలుగు:
నేను ఇక్కడే నర్సుగా చేస్తున్నా. సిస్టర్ చెప్పిన తాళం సంగతి నిజమే, కానీ టాంజానియా సంగతి అక్కడితో అయిపోలేదండి. మన్యారా ప్రాంతంలో హైడమ్ లూథరన్ ఆస్పత్రి ఉంది, 2010లో అక్కడ 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' అని, పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకి ఊపిరి అందించడం నేర్పే ఒక్కరోజు కోర్సు పెట్టారు. బొమ్మ మీద అందరూ బాగానే చేశారు, లేబర్ రూమ్‌లోకెళ్తే మాత్రం పని తీరు మారలేదు. తర్వాత వార్డులోనే, డ్యూటీ మధ్యలో, కాసేపు కాసేపు తరచుగా ప్రాక్టీస్ చేయించడం మొదలుపెట్టారు, అప్పుడు తొలి 24 గంటల్లో శిశు మరణాలు వెయ్యికి 11.1 నుంచి 7.2కి దిగాయి. ఆస్పత్రి అదే, బొమ్మ అదే, మారింది వాడిన తీరు.

లేబర్‌రూమ్_వరంగల్:
ఒక్క ఆస్పత్రి లెక్క, అదీ ముందూ తర్వాతా పోల్చింది. మధ్యలో వేరేవి కూడా మారి ఉండొచ్చు కదా అన్నా.

దారెస్సలాం_తెలుగు:
అందుకే తర్వాత టాంజానియాలోనే ఇంకా పెద్ద స్టడీ చేశారు. ఐదు ప్రాంతాల్లో 30 ఆస్పత్రులు, సుమారు 3 లక్షల కాన్పులు, ఏ ప్రాంతంలో ఎప్పుడు మొదలుపెట్టాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. పుట్టకముందో, పుట్టిన కొద్ది కాలానికో పోయే బిడ్డలు వెయ్యికి 15.3 నుంచి 12.5కి తగ్గారు, 2025లో ఫలితాలు వచ్చాయి. నేర్పింది కూడా బయటినుంచి దిగిన ఎక్స్‌పర్ట్ కాదు, ఆ ఆస్పత్రి మిడ్‌వైఫే.

లేబర్‌రూమ్_వరంగల్:
అందులో బిడ్డ గుండె చూసే కొత్త మానిటర్లు, బిడ్డకి మాస్క్‌తో గాలి పంపే కొత్త అంబు బ్యాగులు కూడా ఇచ్చారుగా! క్రెడిట్ మొత్తం ట్రైనింగ్‌కే ఇవ్వడం న్యాయం కాదు.

దారెస్సలాం_తెలుగు:
అది ఒప్పుకుంటా, దేని వాటా ఎంతో విడదీయలేం. కానీ బ్యాగ్ ఉన్నంత మాత్రాన బిడ్డకి గాలి వెళ్లదు సిస్టర్. మాస్క్ అంచు గడ్డం కింద కొంచెం జారితే గాలంతా పక్కనుంచే పోతుంది, ఛాతీ లేవదు, ఉన్నదేమో ఒక్క నిమిషం, ఆ నిమిషంలో మెడ సరిచేసి మాస్క్ మళ్లీ పెట్టాలని చేతికి తట్టాలి. కాన్పయ్యాక తల్లికి వచ్చే బ్లీడింగ్‌కీ అంతే. దానికి మామానటాలీ అని ఒక బొమ్మ ఉంది, ఖరీదైన మెషీన్ ఏం కాదు, ఒక సిస్టర్ పొట్టకి కట్టుకుని తల్లిలా అరుస్తుంది, రక్తం సంచి వదులుతుంది, గర్భసంచి మెత్తగా ఉంచుతుంది. ఎదుటి సిస్టర్ పొట్ట మీద మర్దన చేస్తూ ఆక్సిటోసిన్ (గర్భసంచి బిగిసే మందు) అడిగి, సాయానికి కేకేసి, ఆ తల్లికి ధైర్యం కూడా చెప్పాలి. చివరిదాన్నే చాలామంది మర్చిపోతారు, పక్కవాళ్లు గుర్తు చేస్తారు.

ట్యూటర్_గుంటూరు:
మరి స్టూడెంట్స్ సంగతి? ల్యాబ్‌లో ఎగ్జామ్ ముందు వారం తప్ప తలుపు తియ్యరు.

దారెస్సలాం_తెలుగు:
నా పట్టు కూడా అక్కడే మేడమ్. ల్యాబ్ బిల్డింగ్‌కి పోసే డబ్బుతో చిన్న బొమ్మలు కొని, స్టూడెంట్స్ పోస్టింగ్ చేసే వార్డులోనే పెట్టాలి, స్టాఫ్‌తో కలిపి చేయించాలి.

లేబర్‌రూమ్_వరంగల్:
వార్డులో అయితే సరే, ఆ ప్రాక్టీస్ టైమ్‌ని డ్యూటీ చార్ట్‌లో ఎక్కించాలి, ఆ టైమ్‌కి తల్లుల దగ్గర ఇంకో సిస్టర్ ఉండాలి. అది లేకుండా డ్యూటీ దిగాక ఆగి ప్రాక్టీస్ చెయ్యమంటే నేను ఇప్పటికీ వ్యతిరేకమే.