మార్కెన్‌లో ఇల్లు దొరికింది, తీసుకోమంటారా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి వచ్చి మూడు వారాలైంది. ఆఫీసు ఆమ్‌స్టర్‌డామ్ దక్షిణాన జౌడ్ స్టేషన్ దగ్గర. పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వీన్ ఊళ్ళో ఇళ్ళ కోసం తిరిగి తిరిగి విసుగొచ్చింది. మార్కెన్ అనే ఊళ్ళో చెక్క ఇల్లొకటి దొరికింది, అద్దె మాకు అందుబాటులోనే ఉంది. ఫొటోల్లో ముద్దుగా బొమ్మరిల్లులా ఉంది. మా ఆవిడకు మాత్రం టెన్షన్. చుట్టూ నీళ్ళు, మనవాళ్ళెవరూ ఉండరు, ఒంటరిగా ఎలా అని. జూన్‌లో అమ్మానాన్న కూడా వస్తున్నారు. అక్కడ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

—

తమ్ముడూ, మేం అక్కడ రెండేళ్ళున్నాం. మీ ఆవిడ భయం ఒంటరితనం గురించే అయితే నిశ్చింతగా ఉండమనండి. ఆ ఊళ్ళో ఒంటరిగా ఉందామన్నా ఉండనివ్వరు.

ముందు రాకపోకలు. మార్కెన్ ఇప్పుడు పూర్తిగా దీవి కాదు, 1957లో కట్ట వేసి ఒడ్డుకు కలిపారు. 315 నంబరు బస్సెక్కితే ఆమ్‌స్టర్‌డామ్ ఉత్తరాన నోర్డ్ స్టేషన్, అక్కణ్ణుంచి 52 మెట్రోలో నేరుగా జౌడ్. సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నారేమో, ఆ కట్ట మీద ఎదురుగాలి ఉన్న రోజు దిగి తోసుకెళ్ళడమే నయం.

ఇక ఇల్లు. ఆ ఊరి ఇళ్ళు మట్టి పోసి ఎత్తు చేసిన మెరకల మీద గుంపులు గుంపులుగా ఉంటాయి. అప్పట్లో చుట్టూ ఉన్నది జౌడర్‌జే, ఉప్పు సముద్రం. తుఫానొస్తే నీళ్ళు ఊళ్ళోకొచ్చేవి. మెరకల మీద చోటు చాలక, కొన్ని ఇళ్ళు గుంజల మీద లేపి, కింద నుంచి నీళ్ళు పోయేలా కట్టుకున్నారు. 1916 జనవరి వరదలో అక్కడ 16 మంది పోయారు. ఆ వరద తర్వాతే సముద్రాన్ని మూసేయాలన్న పాత ఆలోచన ముందుకు కదిలింది. 1932లో ఆఫ్‌స్లౌట్‌డైక్ అడ్డుకట్ట పడింది, లోపలి నీళ్ళు మెల్లగా మంచినీళ్ళయ్యాయి. ఊరికి వరద బెడద తగ్గింది గానీ, ఊరంతా బతికిన సముద్రపు చేపల వేట పోయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నీళ్ళ భయం తీరాక ఆ గుంజల మధ్య ఖాళీకి గోడలు పెట్టి గదులు చేసుకున్నారు. మీరు చూసింది అలాంటి ఇల్లే అయితే కింది గది ఎత్తు కొలవండి. మా ఆయనది ఆరడుగుల ఎత్తు, మొదటి వారంలోనే దూలం రెండుసార్లు నుదుటికి తగిలింది. మెట్లు మెట్లు కావు, నిచ్చెన. నేను బట్టల బుట్ట పట్టుకుని వెనక్కి వెనక్కి దిగేదాన్ని. పెద్దవాళ్ళు వస్తున్నారంటున్నారు కదా, వాళ్ళ మోకాళ్ళెలా ఉన్నాయో ముందే కనుక్కోండి.

పగలంతా టూరిస్టులు. ఒకసారి దోసె వేస్తుంటే ఒకాయన కిటికీ అద్దానికి ముక్కు ఆనించి మరీ చూశాడు, మ్యూజియం అనుకున్నాడట! సాయంత్రం టూరిస్టుల్ని వోలెన్‌డామ్ ఊరికి తీసుకెళ్ళే బోటు వెళ్ళిపోయాక ఊరు ఊరివాళ్ళకు మిగులుతుంది. అప్పుడు నడవండి. ఎదురైన ప్రతి ఒక్కరికీ పలకరింపు పడాలి. మొదట్లో నేను తల దించుకుని వెళ్తుంటే పక్కింటి పెద్దావిడ మూడో రోజున తలుపు తట్టి, "ఒంట్లో బాలేదా?" అని అడిగింది. మన పల్లెటూళ్ళో అడిగినట్టే. పాత తరంలో చర్చి పట్టింపు ఎక్కువ. ఆదివారం నేను పెరట్లో బట్టలారేస్తే, ఆవిడ ఏమీ అనలేదు గానీ సోమవారం వచ్చి, "ఈ రోజు గాలి బాగుంది, బట్టలారేసుకోవచ్చు" అంది. ఆదివారం ఆరేయకూడదని అర్థమైంది.

ఏప్రిల్ 27 రాజుగారి పుట్టినరోజు పండగకు చాలామంది పాత దుస్తులు వేసుకుంటారు. పెద్దావిడ నన్ను పిలిచి ముస్తాబు చూపించింది. చారల చేతులు, కుట్టుపని రవికె, పొర మీద పొర. చేతినిండా పిన్నులు, ఒక్కోటి ఎక్కడ గుచ్చాలో అద్దం కూడా చూడలేదు. ఒకప్పుడు చిన్న మగపిల్లలకూ గౌన్లే వేసేవారట.

—

అక్క చెప్పింది కరెక్టే, నేనొక్కటి కలుపుతా. అడ్వాన్స్ కట్టకముందే ఆ అడ్రస్ మీద మునిసిపాలిటీలో మీ పేర్లు రిజిస్ట్రేషన్ చేసుకోనిస్తారా అని ఓనర్‌ని రాతపూర్వకంగా అడగండి. అది లేకపోతే మిగతా పనులన్నీ చిక్కుల్లో పడతాయి. 1991 నుంచి మార్కెన్ వాటర్‌లాండ్ మునిసిపాలిటీలో భాగం, ఆఫీసు మోన్నికెన్‌డామ్‌లో. కాకరకాయలు కావాలంటే ఆమ్‌స్టర్‌డామ్ ఆగ్నేయం వైపు సురినామ్ వాళ్ళ కొట్లలో "సోప్రోపో" అని అడగండి.

—

అక్కా, అన్నా, థాంక్స్. శనివారం చూడ్డానికి వెళ్తున్నాం, టేపు పట్టుకెళ్తున్నా. మోకాళ్ళ సంగతి నాన్నగారిని వీడియో కాల్‌లో అడిగాను. "ముందు మెట్లెన్నో లెక్కపెట్టి చెప్పరా" అన్నారు.